నాటు కుక్కపిల్లను తెచ్చుకోవడమంటే

హైదరాబాదు, సికిందరాబాదుల్లోని జంతు రక్షణ కేంద్రాల నుంచి దత్తతకు దొరికే కుక్కపిల్లల్లో చాలా భాగం ఫలానా జాతివని చెప్పడానికి వీల్లేనివి. తల్లి ఏ వీధిలోనో తిరిగే నాటు కుక్క. తండ్రి సంగతి ఎవరికీ తెలియదు. ఒకే ఈతలో పుట్టిన పిల్లలకు తండ్రులు వేరువేరుగా ఉండడం కూడా కుక్కల్లో మామూలే. సికిందరాబాదులోని పద్మారావు నగర్, వారాసిగూడ, చిలకలగూడ సందుల్లో ఒక తల్లి వెంట నడిచే నాలుగు పిల్లల్లో ఒకటి నిక్కపొడుచుకున్న చెవులతో అచ్చం ఊర కుక్కలా, ఇంకొకటి కుచ్చుతోకతో పామేరియన్ పోలికలతో కనిపిస్తే కారణం అదే. ఎవరో మోజుపడి కొని, ఇల్లు మారేటప్పుడు వదిలేసిన స్పిట్జ్, లాబ్రడార్ కుక్కల రక్తం కూడా ఈ సందుల్లో కలిసిపోయింది.

కుక్కను సాకడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. కొత్తదల్లా కాగితం మీద సంతకం పెట్టి తెచ్చుకోవడం. పద్మారావు నగర్‌లో వసారా, గేటు ఉన్న విడి ఇళ్ళు ఎక్కువగా ఉన్న రోజుల్లో ఒక కుక్కకు మూడు నాలుగు గడపలు ఉండేవి. పొద్దున ఒక ఇంట్లో మిగిలిన అన్నం, రాత్రి ఇంకో ఇంటి మెట్ల కింద నిద్ర. దానికి పేరు ఉండేది గానీ యజమాని ఉండేవాడు కాదు. టీకా సంగతి ఎవరికీ పట్టేది కాదు. ఆ ఇళ్ళ స్థానంలో అపార్టుమెంట్లు లేచాక ఆ సగం పెంపకానికి చోటు పోయింది. ఇప్పుడు కుక్క అయితే నాలుగు గోడల మధ్య ఉండాలి, లేదంటే పూర్తిగా వీధిలో ఉండాలి.

సంస్థల చరిత్ర పెద్దదేమీ కాదు. కెప్టెన్ వి. సుందరం 1959లో మద్రాసులో బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియాను మొదలుపెట్టారు. హైదరాబాదులో అమల అక్కినేని 1992లో బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్‌ను స్థాపించారు. దాని ఆవరణ జూబ్లీ హిల్స్‌లో ఉంది. ఇవి కాక కాలనీల్లో వ్యక్తులు సొంతంగా నడిపే చిన్న చిన్న ఆశ్రయాలు, దత్తత కుదిరేదాకా పిల్లను ఇంట్లో ఉంచుకునే ‘ఫోస్టర్’ కుటుంబాలు ఉన్నాయి. నగరపాలక సంస్థ కూడా ఇటీవల ఈ పనిలోకి దిగింది. 2025 ఆగస్టు 17న జీహెచ్‌ఎంసీ బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో దేశవాళీ కుక్కపిల్లల దత్తత మేళా పెట్టి, టీకాలు, పురుగుల మందు వేయించిన పిల్లలను ఉచితంగా ఇస్తామని ప్రకటించింది. దీని వెనుక మెత్తని ప్రేమ ఒక్కటే లేదు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబు వీధికుక్కల దాడిలో చనిపోయాక నగరంలో కుక్కల మీద భయం, కోపం రెండూ పెరిగాయి. 2025 ఆగస్టులో ఢిల్లీ వీధికుక్కల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు దేశమంతటా ఇదే చర్చను రేపాయి. వీధిలో పుట్టిన పిల్లకు ఒక ఇల్లు దొరికితే అది జంతుప్రేమ మాత్రమే కాదు, ఆ వీధికి కూడా పనికొచ్చేదే.

ఈ పిల్లలు ఏడాది పొడవునా ఒకే తీరున దొరకవు. చిత్తకార్తెకూ కుక్కలకూ ఉన్న సంబంధం తెలుగువాళ్ళకు తెలిసిందే. అక్టోబరు రెండో, మూడో వారాల్లో వచ్చే ఆ కార్తెలో వీధికుక్కలు జతకట్టడం ఎక్కువ. చూలు మోసే కాలం సుమారు 63 రోజులు. కాబట్టి డిసెంబరు సగం దాటేసరికి సెల్లార్లలో, కట్టుబడి ఆగిన ఇళ్ళలో, ఆపి ఉంచిన కార్ల కింద పిల్లలు కనబడతాయి. సంక్రాంతి నాటికి తూలుతూ నడుస్తాయి. ఫిబ్రవరి నెలాఖరుకు రెండు నెలలు నిండి దత్తతకు తగిన వయసుకొస్తాయి. ఉగాది తరువాత ఎండలు ముదిరేసరికి వాటిలో చాలా భాగం బతికే ఉండవు.

ఆ చివరి మాట అతిశయోక్తి కాదు. కోల్‌కతాలోని ఐసర్ అనే విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థకు చెందిన పరిశోధకులు పశ్చిమ బెంగాల్‌లో 95 ఈతల్లో పుట్టిన 364 వీధికుక్కపిల్లలను వెంటాడి చూసి 2016లో ఫలితాలు ప్రచురించారు. ఏడో నెల దాకా బతికినవి నూటికి 19 మాత్రమే. చావుల్లో నూటికి 63 ఏదో ఒక రూపంలో మనుషుల కారణంగా జరిగినవే: బండి కింద పడడం, కొట్టడం, విషం పెట్టడం, తల్లి నుంచి ఎత్తుకుపోవడం. జాలిపడి తెచ్చి, నాలుగు రోజులు ఆడుకుని, మళ్ళీ బయట వదిలేయడం కూడా ఎత్తుకుపోవడం కిందికే వస్తుంది.

పిల్లను తెచ్చుకునే ఇంటివాళ్ళు తల్లి సంగతి అడగడం తక్కువ. నిజానికి ఆ ఈతలోని పిల్లలన్నిటికీ ఇళ్ళు దొరికినా, తల్లికి ఆపరేషన్ జరగకపోతే మరుసటి ఏడు అదే సెల్లారులో ఇంకో ఈత పడుతుంది. జంతు జనన నియంత్రణ నియమాలు దేశంలో మొదట 2001లో వచ్చాయి. వాటి స్థానంలో 2023 మార్చిలో కొత్తవి వచ్చాయి. వాటి ప్రకారం వీధికుక్కను పట్టుకుని, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. ఆపరేషన్ అయిందని తెలిసేలా చెవి కొసను కొద్దిగా కత్తిరిస్తారు. పిల్లను ఇచ్చే సంస్థ తల్లి చెవి గురించి వెంటనే జవాబు చెప్పగలిగితే, అది పని తెలిసిన సంస్థ అనుకోవచ్చు.

ఇక అందరూ మొట్టమొదట వేసే ప్రశ్న, ఇది ఏ బ్రీడ్ అని. ఆశ్రయాల్లో పిల్ల బోనుకు ‘లాబ్ మిక్స్’, ‘షెపర్డ్ మిక్స్’ అని రాసి ఉంచేవి ఎక్కువగా కంటి అంచనాలే. అంత నమ్మదగినవి కావు. వీధికుక్కలను వదిలేసిన బ్రీడ్ కుక్కల చెత్త కలగలుపుగా చూడడం అలవాటైపోయింది గానీ, జన్యుశాస్త్రం చెప్పేది దానికి దాదాపు తలకిందులు. 2015లో 38 దేశాల ఊర కుక్కల జన్యువులను పరిశీలించిన ఒక బృందం, ఆసియాలోని ఊర కుక్కల్లో ఐరోపా జాతుల రక్తం తక్కువేనని, వాటి వంశం చాలా పాతదని చూపించింది. బ్రీడ్లలో చాలా వరకు గత రెండు వందల ఏళ్ళలో మనుషులు ఏరి తయారుచేసినవి. ఊర కుక్క వాటికన్నా ఎంతో ముందుది. నగరాల్లో మాత్రం పైన చెప్పినట్టు కలయిక కొంత ఎక్కువ.

బ్రీడ్ తెలిస్తే స్వభావం తెలుస్తుందన్న నమ్మకం కూడా సగమే నిజం. అమెరికా పరిశోధకులు 18,385 కుక్కల యజమానులను ప్రశ్నించి, వాటిలో రెండు వేలకు పైగా కుక్కల జన్యువులు చదివి 2022లో ‘సైన్స్’ పత్రికలో రాసినదాని ప్రకారం, ఒక్కో కుక్క ప్రవర్తనలో కనబడే తేడాల్లో బ్రీడ్ వల్ల వచ్చేది నూటికి 9 వంతులే. ఆరోగ్యం విషయంలోనూ ‘నాటు కుక్కకు రోగం రాదు’ అనే మాటను కొంచెం తగ్గించి నమ్మాలి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ఆసుపత్రి రికార్డుల్లోని 27 వేలకు పైగా కుక్కలను పోల్చిన 2013 నాటి అధ్యయనం 24 వంశపారంపర్య జబ్బులను చూసింది. వాటిలో 10 శుద్ధ జాతుల్లో ఎక్కువ. 13 జబ్బుల్లో తేడా లేదు. మోకాలి లిగమెంటు తెగడం అనే ఒక్కటి కలగలుపు కుక్కల్లోనే ఎక్కువగా తేలింది. పార్వో, డిస్టెంపర్, రేబిస్ లాంటి అంటురోగాలైతే వంశం అడిగి రావు.

ప్రవర్తనను నిర్ణయించడంలో జాతి కంటే ఎక్కువ పట్టించుకోవలసింది పిల్ల వయసును. జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అమెరికాలోని బార్ హార్బర్‌లో ఏళ్ళ తరబడి కుక్కపిల్లలను పెంచి 1965లో ప్రచురించిన గ్రంథం ఈ విషయంలో ఇప్పటికీ ఆధారం. మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగో వారం దాకా పిల్ల మెదడు కొత్తవాటికి తలుపు తెరిచి ఉంచుతుంది. ఆ కాలంలో మనిషి చెయ్యి, పిల్లల అరుపులు, ప్రెషర్ కుక్కర్ కూత, ఆటో హారన్, గొడుగు, హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ కుర్రాడు అలవాటైతే అవన్నీ జీవితంలో భాగమైపోతాయి. ఆ వారాలు దాటాక ఎదురయ్యేవాటిని చూసి బెదరడం, మొరగడం ఎక్కువ. ‘మా కుక్క చిన్నప్పుడు దెబ్బలు తినుంటుంది, అందుకే మగవాళ్ళను చూస్తే భయపడుతుంది’ అని దత్తత తీసుకున్నవాళ్ళు తరచు చెబుతారు. చాలాసార్లు దెబ్బలేమీ ఉండవు. ఆ వారాల్లో అది మగవాళ్ళను దగ్గరగా చూడకపోవడమే కారణం.

అలాగని నెల పిల్లను తెచ్చేసుకోవడం తప్పు. తల్లితో, తోడబుట్టిన వాటితో గడిపే ఆరో, ఏడో వారాల్లోనే పిల్ల ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాళ్ళకు నొప్పో నేర్చుకుంటుంది. ఆ పాఠం తప్పిన పిల్ల ఇంట్లో పిల్లల చేతుల మీద నేర్చుకుంటుంది. 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నియమాలు ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదన్నాయి. దత్తతకూ అదే వయసు మంచి గీటురాయి. తల్లి చనిపోయిన అనాథ పిల్లల సంగతి వేరు. వాటిని జంటగానైనా ఉంచి పెంచిన ఆశ్రయం నుంచి తెచ్చుకోవడం మేలు.

ఇక్కడొక చిక్కుంది. సరిగ్గా ప్రపంచం చూపించాల్సిన వారాల్లోనే పిల్లకు రోగనిరోధక శక్తి బాగా తక్కువ. తల్లి పాల ద్వారా వచ్చిన రక్షణ ఆరో వారం నుంచి తగ్గుతూ వస్తుంది. పూర్తిగా పోయేదాకా మాత్రం అదే టీకాకు అడ్డుపడుతుంది. ఎప్పుడు పోతుందో ఒక్కో పిల్లలో ఒక్కో తీరు. అందుకే ఒకే టీకాను ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ వేస్తారు. ‘ఒక ఇంజెక్షన్ అయింది, చాలు’ అనుకున్న ఇళ్ళలోనే పార్వో చావులు ఎక్కువ. 1978 ప్రాంతంలో ప్రపంచానికి పరిచయమైన ఈ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. మామూలు ఫినాయిల్‌కు లొంగదు, బ్లీచింగ్‌కు లొంగుతుంది. తిండి మానేసి, వాంతులు, నెత్తురు విరేచనాలు మొదలైన పిల్లకు ఒక్క పూట ఆలస్యం కూడా ప్రాణాంతకం. ఆశ్రయం నుంచి వచ్చిన పిల్ల చూడడానికి హుషారుగా ఉన్నా, మొదటి రెండు వారాలు ఇంట్లో ఇంకో కుక్క ఉంటే దానికి దూరంగా ఉంచాలని వైద్యులు చెప్పేది అందుకే. ఇంటికొచ్చిన నాలుగో రోజో ఐదో రోజో జబ్బు బయటపడితే అది ఇంట్లో తగిలినది కాకపోవచ్చు, లోపల పొదుగుతూ వచ్చినది కావచ్చు.

ఈ చిక్కుకు మధ్యేమార్గం పిల్లను చంకనెత్తుకుని తిప్పడం. టీకాలు పూర్తయ్యేదాకా వీధి మట్టి మీద, ఇతర కుక్కలు విసర్జించే పార్కు గడ్డి మీద దింపరు. కానీ సాయంత్రం స్కందగిరి గుడి వైపు జనాన్ని, గాంధీ ఆసుపత్రి ముందు అంబులెన్సు సైరన్లను, మెట్రో చప్పుడును చేతుల్లో ఉండి చూడవచ్చు. టీకాలు వేసిన ఆరోగ్యమైన కుక్కలున్న బంధువుల ఇళ్ళకు తీసుకెళ్ళవచ్చు. పద్మారావు నగర్ లాంటి ఇరుకు, రద్దీ పేట పిల్ల పెంపకానికి ఒకందుకు మేలే. గేటెడ్ కాలనీలో పెరిగే పిల్లకు ఇన్ని రకాల శబ్దాలు వెతికినా దొరకవు.

వైద్యానికి పద్మారావు నగర్‌ వాసులు దూరం వెళ్ళనక్కర్లేదు. నారాయణగూడలో పశుసంవర్ధక శాఖ సూపర్ స్పెషాలిటీ దవాఖాన ఉంది. పెద్ద సమస్యలకు రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఉంది. టీకాల్లో ముఖ్యమైనవి తయారయ్యేది కూడా ఇక్కడే. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ స్థాపించిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ కంపెనీ హైదరాబాదుదే. మనుషులకు వేసే అభయరాబ్, కుక్కలకు వేసే రక్షారాబ్ రెండూ దాని ఉత్పత్తులు. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక వేయిస్తారు. ఏలిక పాములు, కొంకి పురుగులకు మందు మాత్రం అంతకన్నా చాలా ముందే, మొదట రెండు వారాలకోసారి, తరువాత నెలకోసారి. వీధి తల్లి పిల్లల్లో ఏలిక పాములు లేనివి అరుదు. ఉబ్బిన పొట్ట బాగా తిన్నదానికి గుర్తు కాదు. ఈ పురుగులు మనుషులకూ, ముఖ్యంగా నేల మీద ఆడే పసిపిల్లలకూ సోకుతాయి.

తిండి దగ్గర తెలుగు ఇళ్ళలో జరిగే పొరపాటు ఒకటే: పాలన్నం. ఆవు పాలు చాలా పిల్లలకు పడవు, విరేచనాలవుతాయి. అన్నం కడుపు నింపుతుంది గానీ ఎదిగే ఎముకకు కావలసిన మాంసకృత్తులు, సున్నం అందులో లేవు. పెరుగన్నం అంతకన్నా నయం. దానికి ఉడికించిన గుడ్డో, ఉప్పూకారం లేని కోడిమాంసమో తోడవ్వాలి. మాంసం ఇంట్లోకి రానివ్వని కుటుంబాలు ఈ పేటలో తక్కువేమీ కాదు. వాళ్ళు దుకాణంలో దొరికే, కుక్కపిల్లల కోసమే చేసిన సమతుల ఆహారం మీద ఆధారపడడం ఉత్తమం. కుక్కను పూర్తి శాకాహారిగా పెంచడం అసాధ్యం కాదు గానీ, పశువైద్యుడి లెక్క లేకుండా ఎదిగే పిల్ల మీద ఆ ప్రయోగం తగదు. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కకు విషం. మన పోపుల్లో, పాయసాల్లో ఇవి ఎక్కడ దాగి ఉంటాయో చెప్పనక్కర్లేదు. ఉడికిన కోడి ఎముక చీలి పేగులో గుచ్చుకుంటుంది.

గోమార్లు, అంటే పిడుదులు, ఈ నగరంలో కుక్కలను ఏడాది పొడవునా పీడిస్తాయి. అవి మోసుకొచ్చే జ్వరం ఎర్ర రక్తకణాలను, ప్లేట్‌లెట్లను దెబ్బతీస్తుంది. చిగుళ్ళు పాలిపోయి, మందకొడిగా పడి ఉండే కుక్కకు మొదట చేయాల్సింది రక్తపరీక్ష. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండలో తారు రోడ్డు పాదాలను కాలుస్తుంది కాబట్టి నడక తెల్లవారుజామున, రాత్రి మాత్రమే. ఆషాఢంలో సికిందరాబాదు ఉజ్జయిని మహంకాళి బోనాల డప్పులు, భాద్రపదంలో గణేశ్ మండపాల లౌడ్‌స్పీకర్లు, ఆ వెనకే దీపావళి. మొదటి ఏడాది ఈ మూడూ పిల్లకు పరీక్షలే. ఇంట్లోంచి తప్పించుకుని కుక్కలు దారితప్పేది ఎక్కువగా దీపావళి రాత్రే. మెడపట్టీ మీద ఫోన్ నంబరు రాయించడానికి అదొక్క రాత్రి చాలు కారణం.

కరవడం గురించి స్పష్టంగా ఉండాలి. పాలపళ్ళ పిల్ల గీరితే ఏమవుతుందిలే అనే మాట ప్రమాదకరం. రేబిస్ ఉన్న కుక్క కరిచిన కుక్కపిల్లకూ రేబిస్ రావచ్చు. లక్షణాలు మొదలయ్యాక కుక్కకైనా మనిషికైనా దాదాపు చావు తప్పదు. ఎక్కడి నుంచి వచ్చిందో, టీకా పడిందో తెలియని పిల్ల పంటి గాటు పడితే సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా నీళ్ళతో కడిగి, అదే రోజు టీకా మొదలుపెట్టాలి. నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఇందుకే ఉన్నాయి. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్ల రోజులు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు నాలుగైదు మోతాదులు, అదీ చేతికే.

ఆరో నెల దాటాక ఆడ కుక్కపిల్ల ఎప్పుడైనా ఎదకు రావచ్చు. సంస్థలు దత్తత పత్రంలో ఆపరేషన్ షరతు రాయించుకునేది అందుకే. కొన్ని సంస్థలు ఆ తరువాత ఫోన్ చేసి అడుగుతాయి, కొన్ని ఇంటికే వచ్చి చూస్తాయి. ఇది అనుమానంగా తోచి కొందరు నొచ్చుకుంటారు గానీ, ఏమీ అడగకుండా పిల్లను చేతిలో పెట్టే చోటు గురించే ఎక్కువ అనుమానించాలి. ఈ షరతులకు ముందే తేల్చుకోవాల్సినది ఇంట్లోని పెద్దవాళ్ళ సమ్మతి. రెండు గంటలకోసారి మూడో అంతస్తు నుంచి కిందికి దింపి మూత్రం పోయించి మళ్ళీ ఎక్కించే పని మొదటి రెండు నెలలు ఎవరో ఒకరి మీద పడుతుంది. తెమ్మని గోల చేసిన పిల్లల మీద అది పడడం అరుదు.

పెంపుడు కుక్కకు జీహెచ్‌ఎంసీ లైసెన్సు తప్పనిసరి. దానికి రేబిస్ టీకా ధ్రువపత్రం కావాలి. అపార్టుమెంటు అసోసియేషన్లతో తగువులొస్తే జంతు సంక్షేమ బోర్డు 2015 ఫిబ్రవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు పనికొస్తాయి. మెజారిటీ తీర్మానం చేసినా పెంపుడు కుక్కను నిషేధించే అధికారం అసోసియేషన్‌కు లేదని, లిఫ్టు వాడకుండా ఆపరాదని అవి చెబుతాయి. ఉమ్మడి స్థలాల్లో గొలుసుతో తిప్పడం, కుక్క చేసిన మురికి ఎత్తడం యజమాని పని. అద్దె ఇంట్లో ఉండేవాళ్ళు మాత్రం ఇంటి ఓనరుతో ముందే మాట్లాడి ఒప్పందంలో రాయించుకోవడం మంచిది. దత్తత కుక్కలు వెనక్కి రావడానికి ఇల్లు మారడం ఒక పెద్ద కారణం.

వెనక్కి ఇవ్వాల్సి వస్తే ఎక్కడికి ఇవ్వాలన్నది సాధారణంగా దత్తత పత్రంలోనే ఉంటుంది: తెచ్చిన సంస్థకే గానీ వీధికి కాదు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు వీధికుక్కలను దత్తత తీసుకోగోరేవారు స్థానిక సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చంటూ, తీసుకున్న కుక్క తిరిగి రోడ్డు మీదికి రాకుండా చూసే బాధ్యత వాళ్ళదేనని చెప్పింది. ఇంట్లో పెరిగిన కుక్కకు వీధిలో తిండి వెతుక్కోవడం, అక్కడి గుంపు హద్దులు తెలియవు. ఎక్కువ రోజులు నిలవదు. పెంపుడు జంతువును అలా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. మొదటిసారి చేసినవారికి ఆ చట్టం వేసే జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయల దాకా.